చెవికీ కంటికీ సాధన కావాలి: హైస్కూలు పిల్లల ఇంగ్లీషు గురించి నాలుగు మాటలు

(సొసైటీ వార్షికోత్సవ సభలో ఉపాధ్యాయుల పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన సమయం అరగంట. ఈ అరగంటలో మేము మనవి చేయదలచింది ఒక్కటే. మన పిల్లలు ఇంగ్లీషు పాఠాలు చదువుతున్నారు, జవాబులు వ్రాస్తున్నారు, పరీక్ష ప్యాసవుతున్నారు. కాని ఎవరో ఇంగ్లీషులో చెప్పింది విని గ్రహించడం, ఎన్నడూ చూడని పేజీని చదివి తమంతట తాము అర్థం చేసుకోవడం అనే రెండు పనులకూ వారికి తగిన సాధన జరగడం లేదు. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఉన్న ఆ అయిదేళ్ళలోనే ఈ సాధన జరగాలి. అప్పుడు జరగకపోతే తరువాత జరిపించే నాథుడు లేడు.

ఇంగ్లీషు కావాలా, మాతృభాష కావాలా అనే వాదంలోకి మేము దిగము. మా దృష్టిలో రెండూ కావాలి. తెలంగాణలో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో 1 నుంచి 8 తరగతుల వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. ఆంధ్రలోనూ కొన్నేళ్ళుగా గాలి అటే వీస్తున్నది. మంచిదే. అయితే పుస్తకం మారినంత మాత్రాన చెవి మారదు. పలక మీద అక్షరాలు మారినంత మాత్రాన గ్రహింపు రాదు. పాఠం ఇంగ్లీషులో ఉండి, వివరణ అంతా తెలుగులోనో ఉర్దూలోనో సాగి, జవాబు మాత్రం గైడులోంచి ఇంగ్లీషులో దిగినప్పుడు పిల్లవాడికి దక్కింది ఏమిటి? చేతి వ్రాత ఒక్కటే!

పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొని పాలిటెక్నిక్కులోనో, ఇంటర్మీడియట్ సైన్సు గ్రూపులోనో చేరిన పిల్లలను మేము ఏటా చూస్తున్నాము. అక్కడ లెక్చరరు గారు నలభై అయిదు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పుకుపోతారు. వెనుక బెంచీలో మనవాడు తెల్లమొహం వేసుకొని కూర్చుంటాడు. లెక్కలు వచ్చు, బుద్ధి ఉంది, కష్టపడే గుణం ఉంది. కాని చెప్పేది చెవికి ఎక్కడం లేదు. నోటు పుస్తకంలో సగం వాక్యాలు, ఖాళీలు. దసరా సెలవులకు ఇంటికి వచ్చి, “అబ్బా, నాకు ఈ చదువు ఎక్కదు, షాపులో కూర్చుంటా” అంటాడు. ఆడపిల్ల అయితే ఆ మాట కూడా అనదు. మౌనంగా మానేస్తుంది. చదువు ఎక్కక కాదండీ వాళ్ళు మానేసింది. వినే అలవాటు లేక మానేశారు. నష్టం అక్కడ బయటపడుతుంది గాని, దాని మూలం హైస్కూలులోనే ఉంది.

మార్కులు వచ్చాయి గదా, అర్థం కాకుండానే వచ్చాయా అని మీరు అడగవచ్చు. ఒక చిన్న పరీక్ష పెడతాము, మీరే జవాబు చెప్పండి. వాక్యం ఇది: “చిటుమ గొరిడలో తుపుసును లింబించింది.” ఇప్పుడు ప్రశ్న: చిటుమ తుపుసును ఎక్కడ లింబించింది? గొరిడలో. లింబించింది ఎవరు? చిటుమ. దేనిని లింబించింది? తుపుసును. చూశారా, మూడు ప్రశ్నలకూ మూడు మార్కులు! చిటుమ అంటే ఏమిటో మీకు తెలియదు, మాకూ తెలియదు. ఆ మాటలు లోకంలోనే లేవు. మన పిల్లలు ఇంగ్లీషు పాఠంలో చేస్తున్నది సరిగ్గా ఇదే. ప్రశ్నలో ఉన్న మాటను పేరాలో వెతికి పట్టుకొని, ఆ వాక్యాన్ని యథాతథంగా దించేస్తారు. దానికి టిక్కు పడుతుంది. దీనిని గ్రహించడం అనలేము, పోలిక వెతకడం అంటాము.

నిజమైన గ్రహింపు ఎలా ఉంటుందో కూడా తెలుగులోనే చెప్పుకుందాం. “పిల్లవాడు బడికి బయలుదేరాడు. వీధి చివరి దాకా వెళ్ళి, పైకి చూసి, వెనక్కి వచ్చి గొడుగు తీసుకున్నాడు.” ఇందులో మబ్బు అనే మాట లేదు, వాన అనే మాట లేదు. అయినా మబ్బు పట్టిందని మనకు తెలిసింది. వ్రాసినదాన్ని బట్టి వ్రాయనిదాన్ని పట్టుకోవడమే చదవడం. మన పిల్లలకు మాతృభాషలో ఈ శక్తి పుష్కలంగా ఉంది. దానిని ఇంగ్లీషులోకి నడిపించడమే మన పని. కొత్తగా బుద్ధిని ఎవరూ పుట్టించనక్కర లేదు.

ముందుగా చెవి సంగతి

మన బడుల్లో ఇంగ్లీషు నాలుగు పనులు అంటారు: వినడం, మాట్లాడడం, చదవడం, వ్రాయడం. వరుసలో వినడం మొదట ఉంటుంది, టైంటేబులులో మాత్రం దానికి చోటు ఉండదు. కారణం తేలిక. పరీక్షలో అడగనిదాన్ని బడిలో నేర్పరు. 2023-24 విద్యా సంవత్సరంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో టోఫెల్ పరీక్షకు తయారు చేసే కార్యక్రమం ఒకటి మొదలయింది. అందులో విని జవాబు చెప్పే భాగం ఉంది. 2024లో ప్రభుత్వం మారిన పిమ్మట అది ఆగిపోయింది. ఆ పథకం మంచి చెడ్డల చర్చ ఇక్కడ వద్దు. పథకాలు వస్తాయి, పోతాయి. పిల్లవాడి చెవి మాత్రం మన ఇంట్లోనే ఉంటుంది గదా!

పుస్తకంలో చూస్తే అర్థమయిన వాక్యమే, ఎవరైనా పలికితే ఎందుకు అర్థం కాదు? దీనికి కారణం ఉంది. మన తెలుగులో ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాము. ఇంగ్లీషులో అలా కాదు. మాటలో ఒక్క చోట ఊనిక పడుతుంది, మిగిలినవి నలిగిపోతాయి. ‘ఫోటోగ్రాఫ్’ అనే మాటలో ఊనిక మొదట ఉంది. అదే ‘ఫొటోగ్రఫీ’ అనగానే ఊనిక రెండో చోటికి జరిగి, మొదటి అక్షరం చిన్నబోతుంది. ఇక ‘ఆఫ్’, ‘టు’, ‘అండ్’ వంటి చిన్న మాటలు వాక్యం మధ్యలో పడితే సగం మింగేస్తారు. ‘కప్ ఆఫ్ టీ’ కాస్తా ‘కప్పటీ’ అయి కూర్చుంటుంది. పిల్లవాడు పుస్తకంలో మూడు మాటలు చూశాడు, చెవికి ఒక్కటే వినపడింది. బిత్తరపోకుండా ఏం చేస్తాడు?

ఇది ఇంగ్లీషు వాళ్ళ దోషమేమీ కాదు. మనం మాత్రం తక్కువ తిన్నామా? “ఏమి చేస్తున్నావు” అని పుస్తకంలో ఉంటుంది. బజారులో “ఏంజేస్తన్నవ్” అంటాము. పుస్తకం చూసి తెలుగు నేర్చుకున్న పరాయి దేశస్థుడు మన రైతు బజారుకు వస్తే అతని గతి ఏమిటో, లెక్చరరు గారి ముందు మన పిల్లవాడి గతి అదే. విని విని అలవాటు పడవలసిందే తప్ప అడ్డదారి లేదు.

ఇక్కడ మన ఇళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు వినే పిల్లలు మనలో చాలామంది. మూడు భాషల బరువు పడిందని తల్లిదండ్రులు దిగులు పడతారు. దిగులు అక్కర లేదు, దీనిలో లాభం కూడా ఉంది. ‘జమీన్’, ‘జిందగీ’ అనే ఉర్దూ మాటల్లో ఉన్న ఆ రాసుకుపోయే జకారం, ‘ఫర్క్’ అనే మాటలోని ఫకారం అచ్చంగా ఇంగ్లీషులో ఉన్నవే. ‘జీరో’, ‘జూ’ అన్నప్పుడు తెలుగు మాత్రమే వచ్చిన పిల్లవాడు తడబడే చోట, మన పిల్లవాడి చెవి ముందే సిద్ధంగా ఉంది. మరోవంక ‘స్కూల్’ను ‘ఇస్కూల్’ అనడం, ‘స్టేషన్’ను ‘ఇస్టేషన్’ అనడం ఉర్దూ ఇళ్ళలో అలవాటు. రెండు సకారాల మధ్య, రెండు జకారాల మధ్య తేడా వినిపించి చూపితే పిల్లలు తొందరగా పట్టుకుంటారు. ఎగతాళి చేస్తే నోరు మూసుకుంటారు. నోరు మూసుకున్న పిల్లవాడి చెవి కూడా మూసుకుపోతుంది. ఉపాధ్యాయ మిత్రులు దీనిని తప్పక గమనించాలి.

చెవి సాధనకు ఖరీదైన యంత్రాలు అక్కర లేదు. మేము క్లాసులో చేయిస్తున్న నాలుగు పద్ధతులు చెబుతాము.

మొదటిది రైల్వే స్టేషను. విజయవాడ, గుంటూరు, కాజీపేట వంటి స్టేషన్లలో అనౌన్సుమెంటు తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడు భాషల్లోనూ వస్తుంది. అదే బండి, అదే నంబరు, అదే ప్లాట్‌ఫారం. ఇంతకంటె చక్కని ఉచిత పాఠం ఎక్కడ దొరుకుతుంది? బంధువులను ఎక్కించడానికి వెళ్ళినప్పుడు పిల్లవాడి చేతికి కాగితం ఇవ్వండి. ఇంగ్లీషులో చెప్పినప్పుడు బండి నంబరు, బయలుదేరే సమయం, ప్లాట్‌ఫారం వ్రాసుకోమనండి. తెలుగు అనౌన్సుమెంటుతో సరిచూసుకోమనండి. ‘ఫిఫ్టీన్’కూ ‘ఫిఫ్టీ’కీ తేడా అక్కడ తెలుస్తుంది. మొదటిదానిలో చివరి భాగం సాగుతుంది, రెండవదానిలో ఊనిక ముందే పడిపోతుంది. ఏడూ పదిహేనుకు వెళ్ళిపోయే బండిని ఏడూ యాభైకి అనుకొని టీ తాగుతూ కూర్చుంటే బండి ఆగదు గదా.

రెండవది వార్తలు. ఆకాశవాణి తెలుగు వార్తలు ముందు వినాలి. ఆ రోజే ఇంగ్లీషు వార్తలు తరువాత వినాలి. విషయం ముందే తెలుసు గనుక చెవి సగం పని సులభంగా చేసుకుంటుంది. ఇదివరకు రేడియో పెట్టె కావలసి వచ్చేది, ఇప్పుడు ఫోనులో కూడా ఆకాశవాణి వస్తున్నది. మొదటి వారం “ఎన్ని ఊళ్ళ పేర్లు వినబడ్డాయి” అని మాత్రమే అడగండి. రెండో వారం అంకెలు, మూడో వారం “ఎవరు ఏం చేశారు” అని అడగండి. అంతా ఒక్కసారే అర్థం కావాలని పట్టుబట్టరాదు.

మూడవది నిదానంగా పలికే ఇంగ్లీషు. 1959లో వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో ‘స్పెషల్ ఇంగ్లీష్’ అనే ప్రసారం మొదలుపెట్టింది. సుమారు 1500 మాటలతో, పొట్టి వాక్యాలతో, మామూలు కంటె నెమ్మదిగా చదివేవారు. కొత్తగా నేర్చుకునే చెవికి వేగం తగ్గించాలనే సంగతి వాళ్ళు అప్పుడే గ్రహించారు. నేడు యూట్యూబులో ఎవరి మాటనైనా ముప్పావు వేగానికి తగ్గించుకొని వినవచ్చు. పిల్లలు ఫోను ఎలాగూ పడుతున్నారు. అదే ఫోనులో మూడు నిమిషాల ఇంగ్లీషు ముక్కను మూడుసార్లు వినమనండి. మొదటిసారి కళ్ళు మూసుకొని, విషయం ఏమిటో తెలుసుకోవడానికి. రెండవసారి వివరాల కోసం. మూడవసారి కింద వచ్చే అక్షరాలు చూస్తూ. ఈ వరుస తప్పరాదు. అక్షరాలు ముందే కనబడితే కన్ను పనిచేస్తుంది, చెవి నిద్రపోతుంది.

నాలుగవది పాత డిక్టేషనే. అయితే మాట మాటకూ ఆగి వ్రాయించే డిక్టేషన్ కాదు. నాలుగు వాక్యాల చిన్న సంగతి రెండుసార్లు చదివి వినిపించాలి. విన్నంత సేపు కలం కింద పెట్టాలి. తరువాత ఇద్దరిద్దరుగా కూర్చొని గుర్తున్నంత వరకు మళ్ళీ వ్రాయాలి. ఒకడికి వినబడనిది ఇంకొకడికి వినబడి ఉంటుంది. ఇద్దరూ వాదించుకుంటారు, ఆ వాదనలోనే వ్యాకరణం వస్తుంది. ఏభై మంది ఉన్న క్లాసులో కూడా ఇది పది నిమిషాల పని.

ఇక కంటి సంగతి

చదివి గ్రహించడం గురించి మన దేశంలోనే పెద్ద పని జరిగింది. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషు ఉపాధ్యాయుడు ఢాకాలో పనిచేస్తూ, బెంగాలీ పిల్లలకు అన్నిటికంటె ముందు కావలసింది చదివి గ్రహించే శక్తి అని 1926లో తన గ్రంథంలో వాదించాడు. కొత్త మాటలు ఒక్కసారే గుమ్మరించకుండా కొద్దికొద్దిగా వచ్చే రీడర్లు తయారు చేశాడు. 1953లో ఆయన ప్రకటించిన జాబితాలో ఎక్కువగా వాడే మాటలు సుమారు 2000 ఉన్నాయి. ఆ రెండు వేల మాటలు గట్టిగా వస్తే మామూలు ఇంగ్లీషు పేజీలో సింహభాగం తెలిసినట్టే.

మరి ఎంత తెలిస్తే పుస్తకం ఒంటరిగా చదువుకోగలం? హ్యూ, నేషన్ అనే పరిశోధకులు 2000 సంవత్సరంలో దీనిని లెక్కగట్టి, నూటికి 98 మాటలు తెలిసి ఉంటేనే ఎవరి సాయమూ లేకుండా కథ చదివి చక్కగా గ్రహించగలరని తేల్చారు. అనగా వంద మాటల్లో తెలియనివి రెండు. మన తొమ్మిదో తరగతి పిల్లవాడికి అతని రీడరులో తెలియనివి అంతకంటె చాలా ఎక్కువ. నిఘంటువు తిరగేసి తిరగేసి విసిగిపోయి గైడు కొంటాడు. తప్పు వాడిదా? మెట్టు ఎత్తు ఎక్కువైతే కాళ్ళను తిట్టి ఏం లాభం!

కాబట్టి మేము చెప్పేదేమిటంటే, పాఠ్యపుస్తకం పక్కన సులభమైన పుస్తకాలు పెట్టాలి. తొమ్మిదో తరగతి వాడు ఆరో తరగతి రీడరు హాయిగా చదివితే సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో కథలు ఉచితంగా దొరుకుతాయి, స్థాయిల వారీగా ఉంటాయి. చాలా కథలు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో కూడా ఉన్నాయి. ఒకే కథను ముందు ఇంటి భాషలో, తరువాత ఇంగ్లీషులో చదివిస్తే పిల్లవాడు ఊహ పట్టుకొని ముందుకు సాగుతాడు. వారానికి నాలుగు చిన్న కథలు చదివితే ఏడాదికి రెండు వందలు. ఆ పిల్లవాడు పరీక్షలో చూడని పేరా వస్తే భయపడతాడా?

చదివించేటప్పుడు మూడు రకాల ప్రశ్నలు అడగాలి. ఒకటి, పేజీలో ఉన్నదాన్ని గురించి. రెండు, గొడుగు కథలో వలె పేజీలో లేకుండా అర్థమయ్యేదాన్ని గురించి. మూడు, “నీవైతే ఏం చేసేవాడివి” అనేది. గైడులు మొదటి దానితో ఆగిపోతాయి. రెండవ, మూడవ ప్రశ్నలకు పిల్లవాడు తెలుగులో జవాబు చెప్పినా ఒప్పుకోవాలి. గ్రహించాడా లేదా అన్నదే మనకు కావాలి. ఇంగ్లీషులో చెప్పడం ఆ వెనుక వస్తుంది.

ఈ మాట మా సొంత కల్పన కాదు. ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 వరకు బెంగుళూరు, మద్రాసు తదితర చోట్ల మామూలు పాఠశాలల్లో ఒక ప్రయోగం నడిపించారు. బెంగుళూరు ప్రాజెక్టు అని దానికి పేరు వచ్చింది. వ్యాకరణం పాఠాలుగా చెప్పకుండా, పిల్లలకు రైల్వే టైంటేబుల్, ఊరి పటం వంటివి ఇచ్చి, “ఫలానా చోటికి ఫలానా వేళకు చేరాలంటే ఏ బండి ఎక్కాలి” అని అడిగారు. ముందు ఉపాధ్యాయుడు అందరితో కలిసి ఒకటి చేయించేవాడు. తరువాత అటువంటిదే ఇంకొకటి పిల్లలు సొంతంగా చేసేవారు. జవాబు సరయితే చాలు, వాక్యం అందంగా ఉందా లేదా అని చూసేవారు కాదు. అర్థం మీద మనసు ఉన్నప్పుడే భాష లోపలికి దిగుతుందన్నది ఆయన సిద్ధాంతం. ఇది మన దక్షిణాదిలో, మన వంటి పిల్లల మధ్య జరిగిన పని. అమెరికా నుంచి దిగుమతి కాలేదు.

టైంటేబుల్ ఒక్కటే కాదు, చదివించడానికి కాగితాలు మన ఇంట్లోనే ఉన్నాయి. మందు సీసా మీద ‘షేక్ వెల్ బిఫోర్ యూజ్’ అని ఉంటుంది. మలాం గొట్టం మీద ‘ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ’ అని ఉంటుంది. దీని అర్థం తెలియక లోపలికి తీసుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. స్కాలర్‌షిప్పు నోటీసులో ‘లేట్ అప్లికేషన్స్ విల్ నాట్ బి ఎంటర్‌టెయిన్డ్’ అని ఉంటుంది. ఎంటర్‌టెయిన్ అంటే వినోదమని మాత్రమే తెలిసిన పిల్లవాడు ఆ నోటీసులో వినోదం ఏమిటా అని ఆలోచిస్తూ ఉండగానే గడువు దాటిపోతుంది. గడువు దాటిన దరఖాస్తులు తీసుకోబోమని ఆ వాక్యం అర్థం. ఏడాది ఫీజు పోయినట్టే.

అలాగే ‘అన్‌లెస్’, ‘ఆల్దో’, ‘ఎక్సెప్ట్’, ‘సబ్జెక్ట్ టు’ అనే చిన్న మాటలు. ఇవి చూడడానికి చీమలు, కుట్టడానికి తేళ్ళు. కడప నుంచి, నిజామాబాదు నుంచి, కరీంనగర్ నుంచి ఎందరో సోదరులు గల్ఫ్ దేశాలకు కూలికి, డ్రైవరు పనికి వెళుతున్నారు. వాళ్ళ చేతికి వచ్చే కాగితాల్లో ఇంగ్లీషు ఉంటుంది. జీతం ఇంత అని అంకె చూసి సంతకం చేస్తారు. ఆ అంకె వెనుక ‘సబ్జెక్ట్ టు’ అని మొదలయ్యే షరతును ఎవరూ చదవరు. భోజనం ఎవరిది, వసతి ఎవరిది, తిరుగు టిక్కెట్టు ఎవరిది అన్నవి ఆ వాక్యాల్లోనే ఉంటాయి. ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల ఒకతె నిలబడి, “అబ్బాజాన్, ఇక్కడ ఇలా వ్రాశారు, ముందు అడగండి” అనగలిగితే ఆ ఒక్క మాట ఎంత విలువైనదో ఆలోచించండి. చదివి గ్రహించడం మార్కుల కోసమే కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కర లేదు.

తల్లిదండ్రులకు ఒక మాట

“మాకే ఇంగ్లీషు రాదు, మేమేం నేర్పగలం” అని తల్లులు అంటుంటారు. అమ్మా, మీకు రాకపోవడమే ఒక విధంగా మేలు. పిల్లవాడు ఇంగ్లీషులో ఒక పేరా చదివి, మీకు మీ భాషలో కథగా చెప్పాలని నియమం పెట్టండి. మీకు అర్థమయితే వాడికి అర్థమయినట్టు. మధ్యలో నీళ్ళు నమిలితే, “సరిగ్గా చూసి చెప్పు నాయనా” అనండి, చాలు. రొట్టెలు చేసుకుంటూ కూడా చేయగల పని ఇది. మీకు తెలియనిది వాడు మీకు చెబుతున్నప్పుడు వాడి ముఖంలో వచ్చే వెలుగు ట్యూషను ఫీజు కడితే రాదు.

ఇంకొక సంగతి. ఇంట్లో ఒక్క ఫోను ఉంటే అది తరచుగా అబ్బాయి చేతిలోనే ఉంటున్నది. వినే సాధనకు అమ్మాయికి కూడా రోజుకు ఇరవై నిమిషాలు ఇవ్వండి. నలుగురిలో చెవిలో పెట్టుకొని వినక్కర లేదు, వంటింట్లో గట్టిగా పెట్టి అందరూ వినవచ్చు. బండెడు ట్యూషన్ల కంటె రోజూ ఇరవై నిమిషాలు, పది చెవికి, పది కంటికి, తప్పకుండా జరిగితే ఏడాదిలో తేడా కనబడుతుంది. ఆదివారం మూడు గంటలు కూర్చోబెట్టి మిగిలిన ఆరు రోజులు వదిలేస్తే ఫలితం ఉండదు. చెట్టుకు రోజూ చెంబెడు నీళ్ళు పోయాలి, నెలకొకసారి ట్యాంకరు తోలితే ఎండిపోతుంది.

సొసైటీవారికి మనవి

చివరగా సొసైటీ పెద్దలకు మూడు మనవులు. ఖర్చు తక్కువ, పని ఎక్కువ.

మొదటిది, సొసైటీ హాలులో ఒక బీరువా సులభమైన ఇంగ్లీషు పుస్తకాలకు కేటాయించండి. తాళం మాత్రం వేయకండి. తాళం వేసిన గ్రంథాలయం పుస్తకాల గోదాము అవుతుంది. పుస్తకం చిరిగినా ఫరవాలేదు, చిరిగిందంటే ఎవరో చదివారన్నమాట.

రెండవది, వారానికి ఒక సాయంకాలం గంటసేపు వినే క్లాసు పెట్టించండి. ఒక స్పీకరు, ఒక ఫోను చాలు. మన పట్టణంలో బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, కాలేజీల్లో పనిచేసే మనవాళ్ళు వంతుల వారీగా వచ్చి, తమ ఉద్యోగం గురించి పది నిమిషాలు తేలిక ఇంగ్లీషులో మాట్లాడాలి. పిల్లలు విని ప్రశ్నలకు జవాబులు వ్రాయాలి. ఒక్క ఉపాధ్యాయుడి గొంతే విన్న చెవి ఇంకొక గొంతు వినగానే బెదురుతుంది. నర్సు గొంతు, గుమాస్తా గొంతు, ఇంజనీరు గొంతు అన్నీ వినాలి. ఉద్యోగాల గురించి కూడా తెలుస్తుంది.

మూడవది, ఏటా మీరు ఇచ్చే బహుమతుల గురించి. పదో తరగతిలో ఎక్కువ మార్కులు వచ్చినవారికి బహుమతి ఇస్తున్నారు, ఎంతో సంతోషం. దానితోపాటు, ముందుగా చూడని ఒక పేజీని చదివి తన మాటల్లో సభకు చెప్పగలిగిన పిల్లకో పిల్లవాడికో ఒక బహుమతి పెట్టండి. ఏది గౌరవిస్తే పిల్లలు దాని వెంట పడతారు. బట్టీని గౌరవిస్తే బట్టీ పెరుగుతుంది, గ్రహింపును గౌరవిస్తే గ్రహింపు పెరుగుతుంది.

మన హైదరాబాదులోనే 1958లో ఇంగ్లీషు బోధన కోసం ఒక కేంద్ర సంస్థ స్థాపించారు. 2007లో అది ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమయింది. దేశం నలుమూలల నుంచి ఉపాధ్యాయులు శిక్షణకు అక్కడికి వచ్చారు. అంత పెద్ద దీపం మన ముంగిట వెలుగుతూ ఉండగా మన వీధి బడిలో చీకటి ఉండడం న్యాయం కాదు. ఆ దీపం నుంచి ఒక వత్తి వెలిగించి తెచ్చుకోవడం ఉపాధ్యాయులుగా మా బాధ్యత. ఆ వత్తికి నూనె పోయడం తల్లిదండ్రులుగా మీ బాధ్యత.

విద్యార్థులారా, మీకు ఒక్క మాట చెప్పి ముగిస్తాము. అర్థం కాని వాక్యం ఎదురైనప్పుడు సిగ్గుపడకండి, దాటవేయకండి. “ఇంకొకసారి చెప్పండి సార్” అని అడగడం చేతకానితనం కాదు, అది వింటున్నవాడి లక్షణం. విననివాడికి సందేహమే రాదు. ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. పది నిమిషాలు వినండి, పది నిమిషాలు చదవండి, ఆ తరువాత అమ్మకు చెప్పండి.